డెల్ఫీనియం పెంపకం: పిలక మొలిచిన రోజు నుంచి రెండో పూత దాకా

గార్డెన్ సెంటర్‌లో పూతకొచ్చిన డెల్ఫీనియం కుండీ కనిపిస్తే చెయ్యి ఆగదు. మనిషెత్తు కంకి, దానికి కింది నుంచి పైదాకా అంటుకున్న నీలం పూలు. అంత నిండైన నీలం ఇచ్చే పూల మొక్కలు నిజంగానే తక్కువ. తెచ్చి నాటుతాం, ఆ ఏడాది బాగానే ఉంటుంది. మరుసటి వసంతంలో చూస్తే ఆ చోట ఏమీ ఉండదు. "చలికి పోయిందిలే" అనేసుకుంటాం. కానీ చలి దీన్ని చంపదు. మైనస్ ఇరవైలు చూసే ఊళ్లలో కూడా ఇది మంచు కింద హాయిగా నిద్రపోయి లేస్తుంది. చంపేవి రెండే: మొక్క మొదలు దగ్గర నిలిచిన నీళ్లు, నత్తలు.

డెల్ఫీనియం కష్టమైన మొక్క అని పేరు పడిపోయింది కానీ, నాకలా అనిపించదు. పని ఏడాది పొడుగునా ఉండదు. మార్చిలో పిలకలు నేల మీదికి వచ్చినప్పటి నుంచి మేలో అవి నడుమెత్తుకు ఎదిగేదాకా ఉన్న ఆ కొద్ది వారాల్లోనే దాదాపు అంతా ఉంది. అప్పుడు పట్టించుకుంటే జూన్‌లో కంకులు వాటంతట అవే వస్తాయి. అప్పుడు వదిలేసి జూన్‌లో ఎంత ఎరువు పోసినా లాభం లేదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ వారాల గురించే రాస్తున్నాను. నెలలన్నీ ఇంగ్లండ్ లెక్క. మెల్‌బోర్న్ వైపు ఉన్నవాళ్లు ఆరు నెలలు జరుపుకుని చదువుకోండి.

ముందు మీ ఊరి వేసవి ఎలాంటిదో చూసుకోండి

పొడవాటి తోట రకాలకు మూలమైన డెల్ఫీనియం ఎలాటమ్ యూరప్ కొండల నుంచి సైబీరియా దాకా పెరిగే మొక్క. దానికి చల్లటి వేసవి, గడ్డకట్టే శీతాకాలం అలవాటు. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, అమెరికాలో సియాటిల్ పరిసరాలు, కెనడాలో చాలా ప్రాంతాలు దీనికి పుట్టిల్లే. న్యూజెర్సీలో పెంచుకోవచ్చు కానీ జులై, ఆగస్టు ఉక్కపోతకు మొదలు కుళ్లే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం నీడ పడే చోటు చూసి నాటి, రెండు మూడేళ్లు బతికితే సంతోషించాలి. డాలస్, హ్యూస్టన్ వాళ్లు దీన్ని బహువార్షికంగా, అంటే ఏటేటా మళ్లీ లేచే మొక్కగా, అనుకోకూడదు. చలికాలం ముందు నారు నాటుకుని, వసంతంలో పూలు చూసి, ఎండలు ముదిరాక పీకేయడమే.

గోంగూర, బీర పెంచి అలవాటైన చేతికి ఇది కొంచెం తిరకాసుగా ఉంటుంది. వాటిని వేడి కోసం గ్రీన్‌హౌస్‌లో దాచి బతిమాలుకుంటాం, దీనికి వేడి తగలకుండా చూసుకోవాలి. హైదరాబాద్, విజయవాడ వాళ్ల సంగతి చివర్లో విడిగా చెప్తాను. అక్కడ మొక్కే వేరు.

ఏ రకం

ఎలాటమ్ సంకరాలు అసలైన పొడుగరులు. ఐదు నుంచి ఏడడుగులు పెరుగుతాయి, కంకి నిండుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1901లో మొదలైన బ్లాక్‌మోర్ అండ్ లాంగ్డన్ నర్సరీకి వీటి పెంపకంలో పెద్ద పేరు. పేరున్న ఎలాటమ్ రకాలను పిలకల నుంచి పెంచుతారు కాబట్టి ఖరీదు ఎక్కువ. ‘బ్లూ నైల్’ తెస్తే పూసేది ‘బ్లూ నైల్’ పువ్వే. వీటికి ఆయువు కూడా ఎక్కువ.

పసిఫిక్ జెయింట్స్ వేరు. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ రైనెల్ట్ రూపొందించిన విత్తన వరస ఇది. ‘బ్లాక్ నైట్’, ‘గలహాడ్’, ‘కింగ్ ఆర్థర్’ అని మధ్యయుగం కథల పేర్లుంటాయి. మార్కెట్లో చవగ్గా దొరికేవి ఎక్కువగా ఇవే. అందంగానే పూస్తాయి కానీ రెండు మూడేళ్లకు మించి నమ్మకం పెట్టుకోవద్దు. ఇప్పుడు వచ్చే విత్తనంలో రంగు కూడా పేరుకు తగ్గట్టు ఉంటుందని గ్యారంటీ లేదు. విత్తనమే వేయాలనుకుంటే న్యూజిలాండ్‌లో డౌడ్స్‌వెల్ వాళ్లు తయారు చేసిన న్యూ మిలీనియం వరస మేలు. కాడ గట్టిది, మొక్క బలమైనది.

బెల్లడొన్నా రకాలు మూడు నాలుగడుగులు పెరిగి కొమ్మలు వేస్తాయి. పూలు విడివిడిగా, సీతాకోకచిలుకల్లా ఉంటాయి. నిండు కంకి ఉండదు కాబట్టి కొందరికి నచ్చవు. కానీ గాలికి తట్టుకుంటాయి, మళ్లీ మళ్లీ పూస్తాయి. మొదటిసారి పెంచేవాళ్లకు నా ఓటు వీటికే. కుండీల్లో అయితే ‘మ్యాజిక్ ఫౌంటెన్స్’ లాంటి పొట్టి రకం తీసుకోండి. రెండున్నర, మూడడుగులకు ఆగిపోతుంది. కుండీ మాత్రం కనీసం అడుగు లోతు, అడుగు వెడల్పు ఉండాలి.

చోటు, నేల, నాటడం

రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. గాలి సూటిగా కొట్టే మూల వద్దు. అలాగని గోడకు ఆనించి కూడా నాటకండి. గోడ పక్కన వాన సరిగ్గా పడదు, గాలి ఆడదు, బూడిద తెగులు పట్టుకుంటుంది. గోడకు రెండడుగులు ఎడంగా ఉంటే సరిపోతుంది. పెద్ద చెట్టు వేళ్లు పాకిన చోటు కూడా దీనికి పడదు.

నేల సారవంతంగా ఉండాలి, నీరు మాత్రం నిలవకూడదు. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య బాగుంటుంది. ఇంగ్లండ్‌లో చాలా ఇళ్ల వెనక ఉండేది బంకమట్టి. అందులో గుంట తీసి, గుంటలో మాత్రమే మంచి కంపోస్టు నింపి నాటితే చలికాలమంతా ఆ గుంట నీళ్ల తొట్టి అయిపోతుంది. అలా కాకుండా మడి మొత్తాన్ని పార లోతుకి తిరగేసి, బాగా చివికిన పశువుల ఎరువో ఆకుల కంపోస్టో, దాంతోపాటు సన్నకంకరో కలపండి. మడిని చుట్టుపక్కల నేలకన్నా నాలుగంగుళాలు ఎత్తు చేస్తే ఇంకా మంచిది.

వసంతంలో, అంటే ఏప్రిల్ నాటికి, నాటడం అన్నిటికన్నా క్షేమం. కుండీలో ఏ లోతులో ఉందో నేలలోనూ అదే లోతు ఉండాలి. పిలకలు పుట్టే మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. పొడవు రకాలకు మొక్కకూ మొక్కకూ రెండు నుంచి మూడడుగులు వదలండి. నాటినప్పుడు బోసిగా కనిపిస్తుంది, మరుసటి ఏడాదికి ఆ ఖాళీ ఉండదు.

కొనేటప్పుడు పూత ఉన్న కుండీ కాకుండా, కింద రెండు మూడు బలమైన పిలకలున్న కుండీ చూసి తీసుకోండి. పువ్వు చూసి కొనాలనిపిస్తుంది, నిజమే. కానీ చిన్న కుండీలో బలవంతాన పూయించిన మొక్క అలసిపోయి ఉంటుంది. అలాంటిదే దొరికితే నాటగానే కంకి కోసి వాజ్‌లో పెట్టేసుకోండి. ఆ ఏడాది వేళ్లు సాగనివ్వండి.

విత్తనం నుంచి అయితే

డెల్ఫీనియం విత్తనం మామూలు గది వేడిలో త్వరగా మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. పాకెట్ రాగానే గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. నిరుడు డ్రాయర్లో మిగిలిపోయిన పాకెట్ మీద ఆశలు పెట్టుకోవద్దు.

ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో విత్తండి. ట్రేలో సన్న కంపోస్టు నింపి తడిపి, గింజలు పలచగా చల్లి, పైన మూడు నాలుగు మిల్లీమీటర్లు వర్మిక్యులైటో (నారు కోసం అమ్మే తేలికపాటి ఖనిజపు పొడి) కంపోస్టో కప్పండి. దీనికి 12 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. మిరప నారు కోసం వాడే హీట్ మ్యాట్ దీనికి పెట్టారో, గింజ పడుకున్నది లేవదు. వేడి పెట్టని గదిలో కిటికీ గట్టు చాలు. మొలక రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొందరు తడి టిష్యూలో గింజలు చుట్టి ఓ వారం ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత విత్తుతారు. పాత గింజలకు అది పనికొస్తుంది, తాజావాటికి పెద్ద అవసరం లేదు.

మొదట వచ్చే జత ఆకులు గుండ్రంగా ఉంటాయి. చీలికలున్న అసలు ఆకులు రెండొచ్చాక చిన్న కుండీల్లోకి మార్చండి. కాడ పట్టుకోకుండా ఆకు పట్టుకుని ఎత్తాలి. మే చివరికి నేలలో నాటేయొచ్చు. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లో ఒక చిన్న కంకి వేస్తుంది. రంగు చూసుకోవడానికి అది పనికొస్తుంది. నచ్చని రంగు మొక్కను అప్పుడే తీసేయొచ్చు. మొహమాటపడి ఉంచుకుంటే ఐదేళ్లు అదే చూస్తూ కూర్చోవాలి.

మార్చి నుంచి మే: అసలు పని

*నత్తలు*

చలికాలంలో మొక్క పైభాగం పూర్తిగా ఎండిపోయి, నేల మీద ఏమీ మిగలదు. కింద మొదలు మాత్రం బతికే ఉంటుంది. చాలామంది నత్తల మందు ఏప్రిల్‌లో, ఆకులకు చిల్లులు పడ్డాక వేస్తారు. అప్పటికే ఆలస్యం. గుల్ల లేని నత్తలు, అదే స్లగ్గులు, జనవరి ఫిబ్రవరిల్లో కాస్త వెచ్చగా ఉన్న రోజున మట్టిలోనే పిలక మొగ్గలను తినేస్తాయి. నేల పైకి రాకముందే మొక్క పోతుంది. ‘చలికి పోయిన’ డెల్ఫీనియంలలో చాలా భాగం ఇలా పోయినవే.

నవంబర్‌లో ఎండు కాడలు తీసేశాక మొదలు చుట్టూ పై మట్టిని చేత్తో నెమ్మదిగా గీకి చూడండి. తెల్లగా, ఉడికించిన సగ్గుబియ్యంలా గుత్తులుగా కనిపిస్తే అవి నత్త గుడ్లు. ఏరి పారేయండి. ఆ తర్వాత మొదలు మీద రెండంగుళాల మందాన ముతక ఇసుక కానీ సన్నకంకర కానీ గుట్టగా పోయండి. నీరు ఆగదు, స్లగ్గులకు పాకడం కష్టం, పైగా మొక్క ఎక్కడుందో మీకూ గుర్తుంటుంది. గడ్డి, ఆకుల మల్చింగ్ మాత్రం మొదలు మీద వేయొద్దు. స్లగ్గులకు చేతులారా ఇల్లు కట్టించి ఇచ్చినట్టే.

మందు వాడేటట్టయితే ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు. ఫిబ్రవరి నుంచే, పాకెట్ మీద రాసిన మోతాదులో, పలచగా చల్లాలి. కుప్పలు పోస్తే ఎక్కువ చావవు. పాత షెడ్‌లో ఎవరో వదిలేసిన నీలం రంగు మెటాల్డిహైడ్ గుళికలుంటే వాటి జోలికి పోవద్దు. గ్రేట్ బ్రిటన్‌లో 2022 వసంతం నుంచి ఆరుబయట వాటి వాడకం నిషేధం. స్లగ్గులను చంపే నెమటోడ్లను, అంటే కంటికి కనిపించనంత సన్నటి పురుగులను, నీళ్లలో కలిపి పోసే పద్ధతి కూడా ఉంది. నేల ఐదు డిగ్రీలు దాటాకే అవి పనిచేస్తాయి. ఇవేవీ లేకపోయినా, వాన పడిన రాత్రి టార్చ్ లైట్ పట్టుకుని ఓ చక్కర్ కొట్టి ఏరేస్తే సగం పని అయినట్టే.

*పిలకలు తీయడం*

ఇది చేయడానికి ఎవరికీ మనసొప్పదు. బాగా కుదురు కట్టిన మొక్క పదిహేను, ఇరవై పిలకలు వేస్తుంది. అన్నీ ఉంచితే అన్నీ సన్నబడతాయి, కంకులు జానెడు అవుతాయి, మధ్యలో గాలి ఆడక బూడిద తెగులు మొదలవుతుంది. పిలకలు మూడు నాలుగంగుళాలు ఎదిగినప్పుడు లావుగా ఉన్నవి ఉంచి మిగతావి తీసేయండి. మొదటి ఏడాది మొక్కకు ఒకటి రెండు, రెండో ఏడాది మూడు, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు. అంతకు మించి వద్దు. సన్నవి, మధ్యలో ఇరుక్కున్నవి ముందు పోవాలి. మిగిలినవి ఒకదానికొకటి ఎడంగా ఉండేలా చూసుకోండి.

*తీసిన పిలకతో కొత్త మొక్క*

తీసినవి పారేయనక్కర్లేదు. పేరున్న రకాన్ని అదే రంగులో పెంచుకోవడానికి ఇదే నమ్మకమైన దారి. మొదలు పక్కన మట్టి తప్పించి, పదునైన కత్తితో పిలకను మొదటికి అంటి ఉన్న చోట కోయండి. కోసిన చోటు తిప్పి చూడండి. తెల్లగా, గట్టిగా, నిండుగా ఉంటే వేరు పడుతుంది. నడిమధ్యలో సూది దూరేంత రంధ్రం కనిపించినా అది పనికిరాదు, కుళ్లిపోతుంది. ఇంకొంచెం కిందికి కోస్తే నిండు భాగం దొరకొచ్చు. పిలక నాలుగంగుళాలు దాటిపోతే కాడ బోలు అయిపోతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.

వేరు పట్టించడానికి డెల్ఫీనియం ప్రియులు వాడే సులువైన పద్ధతి ఒకటుంది. గాజు సీసాలో అంగుళం మందాన పెర్లైట్ (తోట దుకాణాల్లో దొరికే తెల్లటి తేలిక పలుకులు) పోసి, అది తడిసేంత నీళ్లు పోయండి. పెద్ద ఆకులు తీసేసి పిలకను అందులో గుచ్చి, ఎండ నేరుగా పడని కిటికీలో పెట్టండి. నీళ్లు తగ్గితే కాస్త పోస్తుండండి. మూడు నుంచి ఐదు వారాల్లో గాజులోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. వేళ్లు అంగుళం లోపు ఉండగానే కుండీలోకి మార్చాలి. ఎక్కువ పొడుగైతే మార్చేటప్పుడు విరుగుతాయి.

*ఊతం*

కాడ చూడ్డానికి వేలి లావు ఉంటుంది, లోపల మాత్రం బోలు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కాదు. జూన్‌లో ఓ రాత్రి వాన కురిసిందంటే పూలలో నీరు నిలిచి కంకి బరువెక్కుతుంది. దానికి గాలి తోడైతే చాలు, టక్కున విరుగుతుంది. వంగిన కాడను లేపి కట్టొచ్చు కానీ విరిగిన దాన్ని చేయగలిగిందేమీ లేదు.

మొక్క అడుగు ఎత్తుకు రాగానే కర్రలు పాతండి. అప్పుడు కర్రలు మాత్రమే కనిపించి మడి అసహ్యంగా ఉంటుంది. ఓ రెండు వారాలు ఓపిక పట్టండి, ఆకులు కప్పేస్తాయి. కుదురు చుట్టూ మూడు వెదురు కర్రలు, పైకి పోను పోను కాస్త బయటికి వాలేలా, నేలలో అడుగు లోతు దిగేలా పాతాలి. అడుగు ఎత్తులో ఒక చుట్టు, రెండడుగుల దగ్గర ఇంకో చుట్టు, పెరిగే కొద్దీ పైన మరొకటి, మెత్తటి పురికొసతో కట్టండి. కాడను కర్రకు కట్టేటప్పుడు కర్రకూ కాడకూ మధ్య పురికొసను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, వేలు పట్టేంత వదులుగా ఉంచండి.

జనం ఎక్కువగా పొరబడేది కర్ర ఎత్తు దగ్గర. కర్ర నడుమెత్తుకే ఆగిపోతే కాడ సరిగ్గా ఆ ముడి దగ్గరే విరుగుతుంది. కర్ర కనీసం కంకి మొదలయ్యే చోటు దాకా రావాలి. పొడవు రకాలకు ఐదడుగుల పైన ఉన్న కర్రలే కొనండి. ఎదుగుతున్న కంకి కొసను మాత్రం బిగించి కట్టొద్దు. అది పైకి పోలేక మెడ వంకర తిరుగుతుంది. కర్రల కొసలకు రబ్బరు టోపీలు పెట్టండి. కలుపు తీయడానికి వంగినప్పుడు కంట్లో గుచ్చుకునే ప్రమాదం ఉంది.

బెల్లడొన్నాకు ఇంత హంగామా అక్కర్లేదు. పియోనీ పూల మొక్కలకు వాడే ఇనుప రింగ్ ఏప్రిల్‌లో పైన పెట్టేస్తే చాలు, మొక్క దానిలోంచి పెరుగుతుంది.

నీళ్లు, ఎరువు

పిలకలు మొలిచే వేళ మొక్కకు ఓ గుప్పెడు సమతుల ఎరువు. బ్రిటన్‌లో గ్రోమోర్ పేరుతో 7-7-7 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది) దొరుకుతుంది. మన ఊళ్లో కోరమాండల్ వాళ్ల గ్రోమోర్‌కూ దీనికీ సంబంధం లేదు, పేరు చూసి అదే అనుకోకండి. మొగ్గ కనిపించాక రెండు వారాలకోసారి టమాటా మొక్కలకు పోసే ద్రవ ఎరువు పోస్తే చాలు. నత్రజని ఎక్కువైతే కాడ ఏపుగా, మెత్తగా పెరుగుతుంది. వానకు మొదట విరిగేది అదే.

వాన లేని వారం లోతుగా ఒకసారి తడపండి. రోజూ పైపైన చిలకరించడం వల్ల ఉపయోగం లేదు. నీళ్లు మొదలు దగ్గర పోయాలి, ఆకుల మీద కాదు. కంకి తయారయ్యే మే నెలలో నీటి ఎద్దడి వస్తే కింది పూలకూ పై పూలకూ మధ్య ఖాళీలు పడతాయి.

పూత, కోత, మళ్లీ పూత

జూన్, జులైల్లో పూస్తుంది. కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. పువ్వు మధ్యలో తెల్లగానో నల్లగానో గోధుమ రంగులోనో ఓ చిన్న కుచ్చు ఉంటుంది. ఇంగ్లిషు తోటమాలులు దాన్ని ‘బీ’ అంటారు. తుమ్మెద తల దూర్చినట్టే కనిపిస్తుంది.

వాజ్‌లోకి కోయాలంటే కింది మూడో వంతు పూలు విచ్చుకున్నప్పుడు, పొద్దున్నే కోయండి. ప్రదర్శనలకు తీసుకెళ్లేవాళ్లు బోలు కాడను తలకిందులుగా పట్టుకుని నీళ్లు నింపి, దూదితో మూసి వాజ్‌లో పెడతారు. ఇంట్లో కూడా చేయొచ్చు, పూలు ఇంకో రెండు రోజులు నిలుస్తాయి. పళ్ల బుట్ట పక్కన మాత్రం వాజ్ పెట్టకండి. మాగిన అరటి, ఆపిల్ విడుదల చేసే ఇథిలీన్ వాయువుకు ఈ పూలు జలజలా రాలిపోతాయి.

పూత అయిపోయాక కంకిని మాత్రమే, దాని కింద ఉన్న చిన్న ఆకుల దాకా కోయండి. కాడ మొత్తం అప్పుడే నరికేయొద్దు. మొదలు దగ్గర నుంచి కొత్త పిలకలు ఒక జానెడు వచ్చాక పాత కాడను నేల మట్టానికి తీసేయాలి. సగంలో వదిలిన మోడుల్లో వాననీరు నిలిచి మొదలు దాకా కుళ్లు దిగుతుంది. కాడలు తీసిన రోజునే గుప్పెడు ఎరువు, రెండు బకెట్ల నీళ్లు ఇస్తే ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో రెండో పూత వస్తుంది. కంకులు చిన్నవే అయినా ఆ వేళకు తోటలో నీలం తక్కువే కాబట్టి కళ్లకు బాగుంటుంది. మొదటి ఏడాది మొక్క, బలహీనంగా ఉన్న మొక్క రెండోసారి పూయకుండా చూడటం మంచిది. వచ్చిన మొగ్గ గిల్లేయండి.

జబ్బులు

బూడిద తెగులు జులై తర్వాత వస్తుంది. ఆకుల మీద తెల్లటి పొడి. నేల ఎండిపోవడం, మధ్యలో గాలి ఆడకపోవడం రెండూ దానికి కారణం. పిలకలు తీసినవాళ్లకు ఈ బాధ తక్కువ. పట్టిన ఆకులు తీసేయండి. ఆకుల మీద సిరా చల్లినట్టు నల్ల మచ్చలు వస్తే అది బాక్టీరియా. మందు లేదు. మచ్చలున్నవి తీసి చెత్తలో పడేయండి, కంపోస్టులో వేయొద్దు. ఏప్రిల్‌లో కొస ఆకులు దగ్గరికి ముడుచుకుని గూడు కట్టినట్టుంటే విప్పి చూడండి. లోపల పచ్చటి పురుగు ఉంటుంది, చేత్తో తీసేస్తే సరి. మొగ్గలు నల్లబడి, ఆకులు దళసరిగా వంకర్లు తిరిగితే కంటికి కనిపించని నల్లి (మైట్) పని కావచ్చు. ఆ మొక్కను దాచుకోకుండా పీకేయడమే మిగతావాటికి మంచిది.

నాలుగైదేళ్లకు కుదురు మధ్యలో గట్టిబడి, పిలకలు అంచున మాత్రమే వస్తుంటే వసంతంలో తవ్వి తీసి, అంచున ఉన్న బలమైన ముక్కలు వేళ్లతో సహా వేరు చేసి కొత్త చోట నాటండి. మధ్యభాగం పనికిరాదు.

విషం సంగతి

మొక్క అంతా విషమే. గింజలు, లేత పిలకలు మరీను. ఇందులో ఉండే ఆల్కలాయిడ్లు అనే విష పదార్థాలు కండరాల మీద పనిచేస్తాయి. అమెరికా పడమటి పచ్చికబయళ్లలో అడవి డెల్ఫీనియంలు తిని పశువులు చనిపోవడం అక్కడి రైతులకు పాత సమస్య. పిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో గింజ కట్టకముందే కంకులు కోసేయండి. రసం తగిలి కొందరికి చర్మం మండుతుంది, గ్లవ్స్ వేసుకోవడం నయం. పూజకు పెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. పటానికి పెట్టుకోండి కానీ నైవేద్యం గిన్నె మీదా, ప్రసాదంలోకీ రాకుండా చూసుకోండి. కేకుల మీద అలంకారానికి అసలు వద్దు.

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ వాళ్లకు

మన మైదానాల్లో పైన చెప్పిన పొడవాటి డెల్ఫీనియం పెంచబోతే డబ్బు దండగ. అక్టోబర్‌లో తెచ్చిన నారు చలికాలంలో ఊరించి, ఏప్రిల్‌లో మాడిపోతుంది. ఊటీ, కొడైకెనాల్ లాంటి రెండు వేల మీటర్ల ఎత్తున్న చోట్ల, హిమాచల్‌లో, కశ్మీర్‌లో అయితే వేరే మాట. హిమాలయాల్లో దీని అడవి జాతులే ఉన్నాయి.

మనకు సరిపోయేది దీని దగ్గర చుట్టం లార్క్‌స్పర్. ఏకవార్షికం, చలికాలపు పంట. ఆకు కొత్తిమీరలా సన్నగా చీలి ఉంటుంది, రెండు మూడడుగులు పెరుగుతుంది, నీలం, గులాబీ, తెలుపు రంగుల్లో పూస్తుంది. విషం సంగతి దీనికీ వర్తిస్తుంది. విత్తనాల దుకాణాల్లో చలికాలం పూల పాకెట్లలో దొరుకుతుంది.

వానలు వెనకబట్టాక, అక్టోబర్ రెండో సగంలో విత్తండి. అంతకుముందు వేస్తే వేడికి మొలవదు. పాకెట్‌ను ఓ వారం పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచి విత్తితే మొలక మెరుగ్గా ఉంటుంది. ఇది తల్లివేరు మొక్క, నారు పీకి నాటితే అలుగుతుంది. అందుకని పెరగాల్సిన చోటే వేయాలి. ఎర్రమట్టి, చివికిన ఎరువు, ఇసుక కలిపిన మడిలోనో, అడుగు లోతున్న కుండీలోనో వరసగా గింజలు వేసి అర సెంటీమీటరు మట్టి కప్పండి. మొలిచేదాకా పైన తడి గోనెపట్టా కప్పి, మొలక తెల్లగా కనిపించిన రోజునే తీసేయండి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగిపోతాయి. జానెడు ఎడంగా ఉండేలా మిగతావి పీకేయండి. నల్లరేగడి అయితే మడి ఎత్తుగా ఉండాలి, లేకపోతే మొదలు కుళ్లు తప్పదు. ఎండ పూర్తిగా తగలాలి, నవంబర్ నుంచి జనవరి దాకా ఎండ దీన్ని ఏమీ చేయదు.

పూలు జనవరి చివర మొదలై మార్చి దాకా ఉంటాయి. అరకు, లంబసింగి వైపు ఇంకొన్నాళ్లు ఎక్కువే నిలుస్తాయి. సగం పూలు విచ్చుకున్న కంకులను గుత్తిగా కట్టి, చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీస్తే రంగు పోకుండా ఎండుతాయి. ఒకటి రెండు కంకులు మాత్రం గింజకు వదిలేయండి. కాయలు గోధుమ రంగుకు తిరిగి కొస పగలబోతున్నప్పుడు కోసి, కాగితం సంచిలో నీడన ఆరబెట్టి, గింజలు రాల్చి, సీసాలో పోసి, మూత మీద ‘విషం’ అని రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆవాల సీసా పక్కన మాత్రం కాదు.